తిప్పు... విప్పు... సంచిలో సర్దు!

చూడ్డానికి పిల్లల ఆటవస్తువు. తిప్పడం మొదలెడితే పది నిమిషాల్లో పెద్దవాళ్లకూ చెమటలు పట్టిస్తుంది. నడకకు రోడ్డు కావాలి, ఈతకు కొలను కావాలి. హులా హూప్‌కి పక్కపక్కనే పరిచిన రెండు చాపలంత చోటు చాలు. చిక్కల్లా ఒక్కటే... మీటరు వెడల్పుండే ఆ రింగును ఇరుకింట్లో ఎక్కడ పెట్టాలి? ఊరెళ్లేటప్పుడు బస్సులో ఎలా పట్టుకెళ్లాలి? నాలుగు రోజులకే అతుకు ఊడిపోకుండా ఏం చేయాలి? గట్టిగానూ ఉండాలి, విప్పితే సంచిలోనూ పట్టాలి. అలాంటి రింగు తయారీ వెనక బోలెడంత కథ ఉంది, కాస్తంత లెక్కా ఉంది.

సైకిల్ టైరును పుల్లతో కొట్టుకుంటూ వీధంతా పరుగెత్తని పల్లెటూరి పిల్లాడు ఒకప్పుడు ఉండేవాడు కాదు. ఆ ఆట వయసు తక్కువేం కాదు. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో దాదాపు 2500 ఏళ్లనాటి గ్రీకు మట్టిపాత్ర ఒకటుంది. దానిమీద గనిమీడ్ అనే కుర్రాడు చక్రం పట్టుకుని ఆడుతూ కనిపిస్తాడు. నేలమీద దొర్లే ఆ చక్రం నడుమెక్కి ప్రపంచాన్నంతా ఊపేసింది మాత్రం 1958లో.

వెదురు పోయె... ప్లాస్టిక్ వచ్చె!

ఆస్ట్రేలియాలో పిల్లలు వ్యాయామం క్లాసుల్లో వెదురు రింగుల్ని నడుం చుట్టూ తిప్పుతూ ఉండేవారు. అక్కడ పుట్టి కాలిఫోర్నియాలో స్థిరపడిన జోన్ ఆండర్సన్ అనే మహిళ 1957 ప్రాంతంలో పుట్టింటికి వెళ్లినప్పుడు ఆ సరదా చూశారు. అమెరికా తిరిగొచ్చాక తల్లికి రాసి ఒక రింగు తెప్పించుకున్నారు. ఆ తిప్పడం హవాయి దీవుల హులా నాట్యంలా ఉందంటూ దానికి ఇంట్లోనే ముద్దుగా ‘హులా హూప్’ అని పేరు పెట్టుకున్నారు. ఆ తర్వాత ఆ రింగును వామ్-ఓ అనే చిన్న బొమ్మల కంపెనీకి చూపించారు. ఒప్పందం నోటిమాటతోనే జరిగిందంటారామె. పైసా రాకపోవడంతో వ్యవహారం కోర్టుకెక్కి, చివరికి రాజీతో ముగిసింది. ఆమె కథ లోకానికి తెలిసింది 2018లో వచ్చిన ‘హులా గర్ల్’ అనే డాక్యుమెంటరీతోనే. అప్పటికామెకు తొంభై ఏళ్లు దాటాయి.

వామ్-ఓను నడిపింది రిచర్డ్ నెర్, ఆర్థర్ మెలిన్ అనే ఇద్దరు స్నేహితులు. 1948లో ఉండేలు బద్దలు అమ్ముతూ మొదలుపెట్టారు. ఉండేలు దెబ్బ తగిలినప్పుడు వచ్చే చప్పుడే కంపెనీ పేరైంది. వాళ్లు వెదురును పక్కనపెట్టి ప్లాస్టిక్ గొట్టంతో రింగులు చేయించారు. పార్కులకు తీసుకెళ్లి తిప్పి చూపించారు. పిల్లలకు ఊరికే పంచారు. ధర 1.98 డాలర్లు. తొలి నాలుగు నెలల్లోనే రెండున్నర కోట్ల రింగులు అమ్ముడుపోయాయి! ఏడాది తిరక్కముందే ఆ వేడి చల్లారిపోవడం వేరే సంగతి. మెలిన్ చేతికి పేటెంటు వచ్చేసరికి 1963 అయింది.

ఇక్కడే ఓ తమాషా. ఆ రింగులకు వాడిన ప్లాస్టిక్‌కూ అప్పట్లో గడ్డుకాలమే. ఫిలిప్స్ పెట్రోలియం కంపెనీలో పాల్ హోగన్, రాబర్ట్ బ్యాంక్స్ అనే రసాయన శాస్త్రవేత్తలు 1951లో పెట్రోలుకు పనికొచ్చే పదార్థాల కోసం ప్రయోగాలు చేస్తుంటే గొట్టంలో తెల్లటి ముద్ద ఒకటి అడ్డుపడింది. ఆ దారిలో దొరికిందే గట్టి పాలిథిన్... ఇప్పుడు మనం హెచ్‌డీపీఈ అంటున్న ప్లాస్టిక్. ‘మార్లెక్స్’ పేరుతో 1954లో ప్రకటించారు. తీరా తయారీ మొదలయ్యాక సరుకు నాణ్యత ఒక్కలా రాలేదు. దాంతో చేసిన వస్తువులు పగుళ్లిచ్చాయి. గోదాముల నిండా సరుకు పేరుకుపోయింది. సరిగ్గా అప్పుడే హులా హూప్ పిచ్చి పట్టుకుంది. రింగుకు అంత కచ్చితమైన నాణ్యతతో పనిలేదు కాబట్టి నిల్వ సరుకంతా చెల్లిపోయింది. ఆ సందులో శాస్త్రవేత్తలు లోపాన్ని సరిదిద్దుకున్నారు. ఈరోజు మన ఇళ్లకు నీళ్లు మోసే నల్ల పైపులు, బకెట్లు, డబ్బాలు ఆ ప్లాస్టిక్ సంతానమే.

పెద్దవాళ్లకు ఎందుకు తిరగదు?

పిల్లల రింగు తీసుకుని తల్లి తిప్పబోతే రెండు చుట్లకే జారి పాదాల దగ్గర పడుతుంది. ‘నా వల్ల కాదులే’ అని పక్కన పెట్టేస్తుంది. తప్పు ఆమెది కాదు, రింగు సైజుది.

రింగు నడుం చుట్టూ తిరిగేటప్పుడు ఒకచోట ఒంటికి ఆనుకుని నొక్కుతూ ఉంటుంది. ఆ నొక్కుడు వల్ల పుట్టే ఒరిపిడే దాన్ని కిందపడకుండా ఆపుతుంది. రింగు పెద్దదయ్యేకొద్దీ తక్కువ వేగంతోనే చాలినంత నొక్కుడు వస్తుంది. లెక్క వేస్తే సంగతి తేలిపోతుంది. 82 సెంటీమీటర్ల నడుం చుట్టుకొలత ఉన్న మనిషి మీటరు వెడల్పు రింగును నిమిషానికి 90 చుట్లు తిప్పితే వచ్చే పట్టు... 70 సెంటీమీటర్ల పిల్లల రింగుతో రావాలంటే నిమిషానికి దాదాపు 117 చుట్లు తిప్పాలి. కొత్తవాళ్లకు ఆ వేగం అందదు. అందుకే పెద్దలకు పెద్ద రింగు.

మరి బరువో? చాలామంది బరువైన రింగైతేనే నిలుస్తుందనుకుంటారు. బరువు పెరిగితే నొక్కుడూ పెరుగుతుంది, కిందికి లాగే బలమూ అంతే పెరుగుతుంది. రెండూ చెల్లుకు చెల్లు. బరువు వల్ల వచ్చే లాభం వేరు. మన కదలికలో చిన్న తడబాటు ఉన్నా రింగు తన ఊపును వదలదు. నష్టమూ ఉంది. అరకిలో రింగు పైన చెప్పిన వేగంతో తిరిగితే నడుం మీద దాదాపు కిలోన్నర నుంచి రెండు కిలోల బరువు పెట్టినంత నొక్కుడు పడుతుంది. అదే కిలోన్నర రింగైతే సుమారు ఐదు కిలోలు! మొదటి వారం నడుం చుట్టూ కమిలిన మచ్చలు కనిపించేది అందుకే.

ఈ ఆట మీద పెద్ద పెద్ద పరిశోధనలే జరిగాయి. రమేశ్ బాలసుబ్రమణ్యం, మైఖేల్ టర్వే అనే శాస్త్రవేత్తలు రింగు తిప్పేటప్పుడు తుంటి, మోకాలు, చీలమండ ఎలా కలిసి పనిచేస్తాయో లెక్కగట్టారు. ముందు నవ్వించి ఆ తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే ‘ఇగ్ నోబెల్’ 2004లో వారిద్దరికీ దక్కింది. తర్వాత న్యూయార్క్ యూనివర్సిటీలో లీఫ్ రిస్ట్రాఫ్ బృందం చిన్న మరబొమ్మలకు రకరకాల ఆకారాల ఒళ్లు తొడిగి రింగులు తిప్పి చూసింది. 2025 ఆరంభంలో వెలుగులోకి వచ్చిన ఆ పరిశోధన ప్రకారం... స్తంభంలా నిలువుగా ఉన్న ఒంటిమీద రింగు జారిపోయింది. వాలుగా తుంటి, సన్నగా నడుం ఉన్న డమరుకం ఆకారం మీద మాత్రం నిలకడగా తిరిగింది. అంటే సన్నగా, నిటారుగా ఉన్నవాళ్లు కాస్త ఎక్కువ కష్టపడాలన్నమాట!

నల్ల పైపే నయం

1990ల చివర్లో అమెరికాలో సంగీత కచేరీలకు వెళ్లే కుర్రకారు మళ్లీ హూప్ పట్టారు. దుకాణంలో దొరికే బొమ్మ రింగులు వాళ్లకు ఆనలేదు. దాంతో సొంతంగా చేసుకోవడం మొదలెట్టారు. వాళ్లు ఎంచుకున్న సరుకు ఏమిటో తెలుసా? పొలాలకు నీళ్లు పెట్టే నల్ల పైపు! తెలుగు రైతుకు కొత్తగా పరిచయం చేయక్కర్లేని వస్తువది.

దాని ఎంపికలో తెలివి ఉంది. కరెంటు వైర్ల కోసం గోడల్లో వేసే పీవీసీ గొట్టం బిరుసు. వంచితే నొక్కుపడుతుంది, నేలకేసి తగిలితే పగులుతుంది. హెచ్‌డీపీఈ అలా కాదు. వంగుతుంది, దెబ్బను ఓర్చుకుంటుంది. పైగా చుట్టలుగానే అమ్ముతారు కాబట్టి గుండ్రదనం పుట్టుకతోనే వస్తుంది. నలుపు రంగు కూడా అందం కోసం కాదు. అందులో కలిపే కార్బన్ పొడి ఎండను అడ్డుకుంటుంది. డాబా మీద నీళ్ల ట్యాంకులు నల్లగా ఉండటానికి ఒక కారణం అదే. రంగురంగుల బొమ్మ రింగును డాబా మీద వదిలేస్తే రెండు వేసవులు గట్టెక్కడం కష్టం.

పైపు మందాన్ని బట్టి బరువు మారుతుంది. మీటరు వెడల్పు రింగుకు 314 సెంటీమీటర్ల పైపు పడుతుంది. 20 మిల్లీమీటర్ల పైపు, గోడ మందం 2.3 మిల్లీమీటర్లయితే రింగు బరువు సుమారు 380 గ్రాములు. అదే మందం గోడతో 25 మిల్లీమీటర్ల పైపయితే 490 గ్రాములు. 32 మిల్లీమీటర్ల పైపు, 3 మిల్లీమీటర్ల గోడ అయితే 800 గ్రాములు దాటుతుంది. ఒలింపిక్స్‌లో రిథమిక్ జిమ్నాస్టిక్స్ అమ్మాయిలు వాడే రింగు లోపలి వెడల్పు 80 నుంచి 90 సెంటీమీటర్లు, బరువు కనీసం 300 గ్రాములు. అది చేతులతో విసిరి పట్టుకోవడానికి. ఇంట్లో నడుం వ్యాయామానికైతే 25 మిల్లీమీటర్ల పైపు మధ్యేమార్గం.

బరువు కోసం పైపులో ఇసుకో నీళ్లో పోయడం కొందరికి అలవాటు. ఇసుక నిండుగా లేకపోతే లోపల అటూ ఇటూ జరుగుతుంది. రింగు ఎగుడుదిగుడుగా తిరుగుతుంది. నీళ్లయితే ఏదో ఒకరోజు అతుకు దగ్గర కారతాయి. బరువు కావాలంటే మందం పైపు తీసుకోవడమే మేలు.

అతుకే ఆయువుపట్టు

గట్టిదనం, మోసుకెళ్లే వీలు... ఈ రెండిటికీ ఎప్పుడూ పడదు. ముక్కలు పెరిగేకొద్దీ సంచిలో ఇముడుతుంది, అతుకులూ పెరుగుతాయి. రింగు విరిగితే పైపు మధ్యలో విరగదు. అతుకు దగ్గరే విరుగుతుంది. అందుకే ఎన్ని ముక్కలు చేయాలన్నదే అసలు ప్రశ్న.

మీటరు రింగును నాలుగు ముక్కలు చేస్తే ఒక్కో ముక్క కొస నుంచి కొసకు 71 సెంటీమీటర్లు. పెద్ద సూట్‌కేసులోకి పడుతుంది. ఆరు ముక్కలైతే 50 సెంటీమీటర్లు. భుజానికి తగిలించుకునే ప్రయాణం బ్యాగుకు సరి. ఎనిమిది చేస్తే 38 సెంటీమీటర్లే... స్కూలు బ్యాగులోనూ దూరిపోతుంది. దుకాణాల్లో నురుగు తొడుగుతో అమ్మే విడిభాగాల రింగులు ఎక్కువగా ఈ కోవలోవే. ఒకటి రెండు ముక్కలు తగ్గించి చిన్న రింగు చేసుకునే వెసులుబాటు వీటిలో ఉంది. అయితే కొనే ముందు రెండు ముక్కలు కలిపి అటూ ఇటూ ఊపి చూడాలి. అతుకు కదులుతుంటే వద్దనుకోవడమే మంచిది. కొత్తలోనే కదిలేది తిప్పేకొద్దీ ఇంకా వదులవుతుంది.

అతుకు నిలవాలంటే మూడు షరతులు. ఒకటి... లోపల దూర్చే ముక్క ఒక్కోవైపు కనీసం నాలుగైదు సెంటీమీటర్లు లోపలికి వెళ్లాలి. బొటనవేలు గోరంత దూరితే చాలదు. రెండు... బయటివైపు ఏమీ పొడుచుకు రాకూడదు. లేకపోతే చున్నీ, చీరకొంగు చిక్కుకుంటాయి. మూడు... బిగింపు కేవలం ఒరిపిడి మీద ఆధారపడకూడదు. గొడుగు కాడకు ఉండే స్ప్రింగు నొక్కులాంటిది ఉండాలి. టక్కుమని పడితే ఊడదు, వేలితో నొక్కితే వస్తుంది.

ముక్కలు పోగొట్టుకునే బాధ లేకుండా ఇంకో ఉపాయం ఉంది. గుడారాలకు వాడే మడత కర్రల్లో లోపల సాగే తాడు ఉంటుంది. రింగు ముక్కలన్నిటి గుండా అలాంటి తాడు పోనిస్తే విప్పినా దండలా కలిసే ఉంటాయి.

అసలు ముక్కలే వద్దనుకునేవారికి ఒకే అతుకు రింగు. అతుకు విప్పి పైపును రెండు చుట్లుగా చుడితే వెడల్పు సగమైపోతుంది. మీటరు రింగు అరమీటరు అవుతుంది. గట్టిదనంలో దీనిదే పైచేయి. లోపం ఒకటే... చుట్టి రోజుల తరబడి వదిలేస్తే ప్లాస్టిక్ ఆ వంపునే అలవాటు చేసుకుంటుంది. విప్పితే రింగు కోడిగుడ్డులా వస్తుంది. ఊరు చేరగానే విప్పేయాలి.

ఈమధ్య ‘స్మార్ట్ హూప్’ పేరుతో నడుముకు బెల్టులా బిగించి, చిన్న గుండును గిరగిరా తిప్పే పరికరాలూ వచ్చాయి. అవి కింద పడవు, చోటు కూడా తక్కువే. కానీ రింగును నిలబెట్టుకునే నేర్పు, ఆటలోని సరదా అందులో తక్కువ.

నిజంగా నడుం తగ్గుతుందా?

అందరి ప్రశ్నా ఇదే. ఫిన్లాండ్‌లోని హెల్సింకిలో శాస్త్రవేత్తలు బరువెక్కువున్న 53 మందితో ఓ పరీక్ష చేశారు. 2019లో ఫలితాలు వెల్లడించారు. ఆరు వారాలు కిలోన్నర రింగు తిప్పడం, మరో ఆరు వారాలు నడక. రింగు తిప్పింది రోజుకు సగటున 13 నిమిషాలే. నడకేమో రోజుకు దాదాపు పదివేల అడుగులు. రింగుతో నడుం చుట్టుకొలత సగటున 3 సెంటీమీటర్లు తగ్గింది. పొట్ట దగ్గర కొవ్వూ కొంత కరిగింది. చెడు కొలెస్ట్రాల్ తగ్గింది. నడకతో రక్తపోటు తగ్గింది. అంటే ఒకటి మానేసి ఇంకొకటి కాదు, రెండూ ఉంటే మేలు. ఇంకో మాట... ఒంటి బరువులో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. రింగు తిప్పుతూ జంతికలు నములుతుంటే ఫలితం ఉండదని వేరే చెప్పాలా!

అమెరికాలో విస్కాన్సిన్ యూనివర్సిటీ పరిశోధకులు చేయి తిరిగిన 16 మంది మహిళలను పరీక్షించారు. రింగు తిప్పుతున్నంతసేపూ గుండె నిమిషానికి సగటున 151 సార్లు కొట్టుకుంది. నిమిషానికి 7 క్యాలరీల చొప్పున అరగంటకు 210 క్యాలరీలు ఖర్చయ్యాయి. అవి అలవాటైన వారి లెక్కలు. మధ్యమధ్యలో వంగి రింగు తీసుకునే కొత్తవారికి కాస్త తగ్గుతాయి.

పెద్దవాళ్లు తిప్పితే నలుగురూ నవ్వుతారేమోనన్న బెరుకు అక్కర్లేదు. 2009లో అప్పటి అమెరికా ప్రథమ మహిళ మిషెల్ ఒబామా శ్వేతసౌధం పచ్చికలో పిల్లల మధ్య నిలబడి 142 చుట్లు తిప్పారు. 2020 సెప్టెంబరులో ఢిల్లీ అమ్మాయి ఎష్నా కుట్టీ చీర కట్టుకుని, కాళ్లకు బూట్లేసుకుని ‘ఢిల్లీ-6’ సినిమా పాటకు రింగు తిప్పుతూ చేసిన నాట్యాన్ని దేశమంతా ముచ్చటపడి చూసింది.

వీళ్లు జాగ్రత్త

నడుంనొప్పి, డిస్కు సమస్య ఉన్నవాళ్లు, ఈమధ్య పొట్ట ఆపరేషన్ అయినవాళ్లు డాక్టరును అడగకుండా మొదలుపెట్టకూడదు. గర్భిణులు, ఇటీవలే కాన్పు అయినవాళ్లూ అంతే. కొత్తవాళ్లు కిలోన్నర రింగు జోలికి వెళ్లకుండా అరకిలోతో ఆరంభించాలి. మొదటి వారం రోజుకు ఐదు నిమిషాలు చాలు. ఎప్పుడూ ఒకేవైపు కాకుండా కుడికీ ఎడమకీ సమానంగా తిప్పాలి. జారే సిల్కు బట్టల కన్నా నూలు బట్టలు నయం. పక్కన టీవీ, గాజు బీరువా, పాకే పిల్లలు లేకుండా చూసుకోవడం మరవద్దు.

ఇంట్లోనే చేసుకోవాలంటే...

* రింగును నిలబెడితే బొడ్డుకూ రొమ్ముకూ మధ్యకు రావాలి. నేల నుంచి ఆ ఎత్తే రింగు వెడల్పు. దాన్ని 3.14తో గుణిస్తే కావలసిన పైపు పొడవు వస్తుంది.

* పైపుల దుకాణంలో 25 మిల్లీమీటర్ల హెచ్‌డీపీఈ పైపు, దాని లోపలికి బిగుతుగా దూరే గాళ్లున్న జాయినరు తీసుకోండి.

* పైపును రంపంతో తిన్నగా కోయండి. అంచులు గరుకు కాగితంతో నున్నగా రుద్దండి.

* ఒక కొసను రెండు నిమిషాలు మరిగే నీళ్లలో ఉంచితే మెత్తబడుతుంది. జాయినరును సగందాకా దూర్చండి. రెండో కొసనూ అలాగే చేసి కలపండి. వేడినీళ్ల పని పెద్దవాళ్లే చేయాలి. చేతులకు మందపాటి గుడ్డ చుట్టుకోవాలి.

* విప్పుకునేలా కావాలంటే ఒకవైపు స్థిరంగా బిగించి, రెండోవైపు పైపుకీ జాయినరుకీ కలిపి రంధ్రం వేసి స్ప్రింగు నొక్కు పెట్టించండి.

* రింగును చదునైన నేలమీద ఒకరోజు ఉంచితే వంకర సర్దుకుంటుంది. ఆపైన నూలు టేపును ఏటవాలుగా చుట్టండి. జారకుండా పట్టు దొరుకుతుంది.

* వారానికోసారి అతుకును పట్టి లాగి చూడండి. పగులు కనిపిస్తే ఆ కొసను రెండు అంగుళాలు కోసేసి కొత్తగా అతకండి. పైపు మళ్లీ కొనక్కర్లేదు.

కొన్నదైనా, ఇంట్లో చేసుకున్నదైనా మంచి రింగుకు గుర్తు ఒకటే. ఊరెళ్లేటప్పుడు దాన్ని ఇంట్లో వదిలేసి వెళ్లడానికి సాకు దొరక్కూడదు. చుట్టాలింటి పెరట్లోనో, డాబా మీదో నాలుగు ముక్కలూ టకటకా కలిపి నిలబడితే చాలు... పిల్లలు వాళ్లంతట వాళ్లే వరస కడతారు.